మోరిలో పడ్డ గోలీలు

బీదర్ గాంధీ గంజ్‌లో కందులు చెరిగే ఆడవాళ్ళలో రాచమ్మ చెవికి పెద్ద పేరు. చాటలో రాయి ఉంటే కంటికంటే ముందు ఆమె చెవికే తెలుస్తుంది. ముప్పై ఏళ్ళ పని మరి! ఆ చెవే ఇప్పుడు ఆమె పాలిట శత్రువైంది.

పోయిన నెల ఒక పొద్దున వాకిలి ఊడ్చి లోపలికి వస్తుంటే, వెనక ఎవరో నడిచిన చప్పుడైంది. ఒక అడుగు సరిగ్గా, ఒక అడుగు ఈడ్చుకుంటూ. అచ్చం పెనిమిటి మాణిక్యప్ప నడక. ఆయన పోయి నాలుగేళ్ళాయె! వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. అడుగేస్తే మళ్ళీ అదే చప్పుడు. అది తన కాలే.

మధ్యాహ్నానికి కుడికాలి బొటనవేలు ఎర్రగా ఉబ్బింది. ఫ్యాన్ గాలి తగిలినా ప్రాణం పోతోంది. ఇట్లాగే ఫ్యాన్ బంద్ చెయ్యమని మాణిక్యప్ప బతిమాలితే ఆనాడు ఆమె నవ్వింది. "గాలికి నొస్తదా? నీ యేషాలు నాకాడ కాదు" అంది. తనదాకా వస్తే గానీ తెలియదంటారు. తెలిసింది.

కోడలు శాలిని పనికి పోయి ఉంటే, పక్కింటి పీరప్ప తన ఆటోలో దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి గౌట్ అని, అంటే ఒకరకం కీళ్ళవాతమని చెప్పింది. ముందు నొప్పి తగ్గే మందు, అది తగ్గాక రోజూ వేసుకునే గోలీ రాసింది.

"ఈ గోలీ మొదలుపెట్టినంక మొదట్ల నొప్పి మళ్ళ లేవొచ్చు. భయపడి ఆపొద్దు, నాకు ఫోన్ చెయ్యి. దుకాణంల దొరికే నొప్పిగోలీలు మింగినవనుకో, కిడ్నీలు పోతయ్."

ఆ తర్వాతి మాటలేవీ రాచమ్మకు వినబడలేదు. ఆ గోలీ పెట్టె ఆమె ఎరిగినదే. మాణిక్యప్పకూ ఇదే రాశారు. పన్నెండో రోజు నొప్పి లేస్తే, "ఈ గోలీతోనే లేసింది" అని పెట్టెతో సహా మురికినీళ్ళ మోరిలో పారేసింది తనే. పాపం, ఆ మనిషి ఆమె మాటే నమ్మాడు. తర్వాత మూడేళ్ళు దొరికిన నొప్పిగోలీ అల్లా మింగి, కిడ్నీలు చెడి చనిపోయాడు. రాళ్ళు ఏరే చేతులే ఆనాడు గింజను పారేశాయి. ఇప్పుడు మోరి దగ్గర చెంబు తోముతున్నా ఆమెకు ఆ గోలీల రేకు చప్పుడే వినిపిస్తుంది. ఎవరికి చెప్పుకుంటుంది?

గోలీ మొదలుపెట్టిన తొమ్మిదో రోజు నొప్పి లేచింది. రాచమ్మ మంచం మీద కాలు చాపుకుని ఏడుస్తుంటే శాలిని చూడలేకపోయింది. గూట్లోంచి గోలీలు తీసింది.

"అత్తమ్మా, ఈ గోలీతోనే లేసినట్టుంది. పారేస్తున్న" అంటూ మోరి వైపు నడిచింది. ఆమె చేతిలో రేకు చిటపటమంది.

రాచమ్మ మంచం దిగింది. గోడ పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ పోయి కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పారెయ్యకు బిడ్డా, డాక్టరమ్మకు ఫోన్ చెయ్యి. ఒకసారి పారేసిన. గోలీలనుకున్న, మీ మామనే పారేసిన."