ఉమ్ సాలిం బావిలో సున్నా దోమలు

1977. మస్కట్‌లో ఒక కంపెనీ మాకు గురువారాలు అరువిచ్చిన కంప్యూటర్ ఎంత పెద్దదంటే, దానికి పెళ్లి చేయాలంటే ఏ కల్యాణమండపమూ చాలదు. బయట ఎండకు కొండలు వేగిపోతుంటే, దాని ఏసీ గదిలో నేను మఫ్లర్ చుట్టుకుని దోమలను లెక్కపెట్టేవాణ్ణి. మలేరియా విభాగంలో నా ఉద్యోగం దోమలకు జాతకాలు రాయడం.

దాన్ని మోడల్ అంటారు. దోమల సంసారాన్ని లెక్కల్లో నడపడమన్నమాట: ఎన్ని పుడతాయి, ఎన్నాళ్లు బతుకుతాయి, ఎందరిని కుడతాయి. రేపు ఏ వాడలో ముసురుతాయో కంప్యూటర్ చెబితే, మందు చల్లే లారీ అక్కడికి వెళుతుంది. అల్ సువైక్ చుట్టుపక్కల ఖర్జూర తోటలన్నిటికీ ఉన్నది ఒకే లారీ.

లెక్కలు తెచ్చేవాడు మల్లేశం, కరీంనగర్ మనిషి. డిప్పర్, అంటే పొడుగు కాడ గరిటె, బావిలో ముంచి అందులో ఈదే దోమపిల్లలను లెక్కించేవాడు. ఆ అంకెలను నేను పంచ్ కార్డులనే అట్టముక్కల మీద చిల్లులుగా పొడిచి యంత్రానికి తినిపించేవాణ్ణి.

ఆ గురువారం యంత్రం ఉరిమి, గర్జించి, గోదావరంత పొడవు కాగితం కక్కింది. తోటల చివరి వాడలో దోమలు సున్నా, లారీని అక్కణ్ణుంచి తీసేయండి అని సారాంశం. శనివారం మా డాక్టరుగారు సంతకం పెడితే ఇక తిరుగులేదు.

ఆ మాట ఫోన్‌లో అల్ సువైక్ ఆఫీసుకు చెప్పాను. సాయంత్రానికల్లా, నేనింకా ఆ గదిలో ఉండగానే, మల్లేశం ఊడిపడ్డాడు.

"సార్, గా వాడల ఉమ్ సాలిం కోడలు మూడోసారి చలిజొరంతోని పండింది. లారీ బందయితదని ఇని ముసలామె అగ్గయితున్నది. దోమల్లేవన్న సారును తోల్కరమ్మన్నది."

"సున్నా అని రాసింది నువ్వే కదయ్యా!"

"నేనేం రాయలే సార్. బావి ఇంటి గోడ లోపలున్నది. ఇంట్ల మొగోళ్లు లేకుంటే లోపలికెట్ల పోతం? అందుకే ఖాళీ ఇడిసిన."

నా మఫ్లర్ జారిపోయింది. మా ప్రోగ్రామ్ భాషకు ఒక దుర్గుణం ఉండేది. కార్డులో ఖాళీ కనబడితే సున్నా అని చదివేసుకునేది. చూడని బావీ, దోమల్లేని బావీ దానికి ఒకటే.

శుక్రవారం కొడుకు సాలిం సెలవు మీద ఇంట్లో ఉన్నాడు కాబట్టి తలుపు తెరుచుకుంది. ఉమ్ సాలిం సందెవేళ సరిగ్గా బావి పక్కనే చాప పరిపించి, కాహ్వా, అంటే వాళ్ల కాఫీ, పోసింది. కప్పు ఉగ్గుగిన్నెకు మనవరాలిలా ఉంది. మర్యాదకు ఖాళీ చేశాను. పోసింది. మళ్లీ ఖాళీ చేశాను. మళ్లీ పోసింది. ఈలోగా ఒమన్ దేశపు దోమలన్నీ బంధుమిత్ర సపరివారంగా నా కాళ్ల మీద దిగాయి. లోపల కోడలి వణుకుకు మంచం టకటకలాడుతోంది. ముసలావిడ మల్లేశంతో అరబ్బీలో ఏదో అంది.

"ఏమంటోంది మల్లేశం?"

"'దోమల్లేవు గద, ఆరాంగ కూసోమను' అంటున్నది సార్."

నా పొట్ట కాహ్వాతో కుండలా తయారయ్యాక మల్లేశానికి జాలి కలిగింది. "కప్పును జర అటిటు ఊపాలె సార్. ఊపితెనే చాలన్నట్టు. ఖాళీగ ఇస్తె ఇంక పొయ్యమన్నట్టు."

"ముందే ఏడవచ్చు కదయ్యా!"

"చెప్పద్దన్నది సార్ ఆమె."

లేచి నేనే డిప్పర్ ముంచాను. గరిటెలో నీళ్లకంటే దోమపిల్లలే ఎక్కువ.

శనివారం డాక్టరుగారు కలం తెరవగానే ఆయన బల్ల ముందు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి నిలబడ్డాను. "ఇదేమిటయ్యా?" అని అదిరిపడ్డారు. "చివరి వాడ లెక్క సార్, తాజాది" అన్నాను. కలం మూతపడింది. లారీ ఆ వాడలోనే ఉండిపోయింది. నా ప్రోగ్రామ్‌లో "చూడలేదు" అన్నదానికి వేరే గుర్తు పుట్టింది.

యంత్రం ఖాళీని చూసి ఏమీ లేదనుకుంది. ఆవిడ ఖాళీ కప్పును చూసి ఇంకా పోయాలనుకుంది. ఇద్దరిలో మంచి ప్రోగ్రామర్ ఎవరో వేరే చెప్పాలా?

మరుసటి చలికాలం మళ్లీ పిలుపొచ్చింది. ఈసారి కాహ్వా తెచ్చి పెట్టింది నిక్షేపంలా ఉన్న కోడలే. డిప్పర్ ముంచాను. తేటనీళ్లు. కార్డు మీద నా చేత్తో సున్నా కొట్టాను, చూసి మరీ. దర్జాగా కప్పు ఊపాను.

ఉమ్ సాలిం చూడనట్టు మళ్లీ పోసింది.