శారీ గార్డు

షెడ్డులో మెకానిక్ పళ్లెంలో కిరసనాయిల్ పోసి, నాన్న మోటార్ సైకిల్ చైను నానబెట్టాడు. నాన్న పోయాక ఆ బండిని మళ్లీ నడిచేలా చేయిస్తున్నాను. ఆ వాసనకి అమ్మ చనిపోయిన వేసవి గుర్తొచ్చింది. అప్పుడు నాకు ఆరేళ్లు.

ఆ వేసవంతా నాన్న ఆఫీసు నుంచి రాగానే తాడేపల్లిగూడెంలో మా ఇంటి వెనక ఉన్న ఈ షెడ్డులోకే వచ్చేసేవారు. నాతో పెద్దగా మాట్లాడేవారు కాదు. బండి మొత్తం విప్పి మళ్లీ బిగించారు. పచ్చ ట్యాంకుకి నల్ల రంగు వేశారు. హ్యాండిలు మార్చారు, సీటు మార్చారు. చీర చక్రంలో పడకుండా వెనక ఉండే గార్డుని మాత్రం ఏలూరు పంపి, కొత్త పూత పూయించి, మళ్లీ అక్కడే బిగించారు. అది చూసి అమ్మ వచ్చేస్తోందని అనుకున్నాను.

బండి తయారయ్యాక నన్ను ఎక్కమన్నారు.

"వెనక కూర్చో తల్లీ. నన్ను గట్టిగా పట్టుకో."

నేను ముందు ట్యాంకు మీదికి ఎక్కాను. "అది అమ్మ చోటు కదా నాన్నా!"

ఆయన కిక్ కొట్టి బండి స్టార్ట్ చేశారు. ఏలూరు దాకా వెనక సీటు ఖాళీగానే వెళ్లాం.

అప్పటికే అమ్మ చీరలన్నీ పెద్దవాళ్లు పంచిపెట్టేశారు. నాన్నకి మిగిలింది ఆ గార్డు ఒక్కటేనని ఇప్పుడు తెలుస్తోంది.

"మేడంగారూ, ఈ గార్డు తీసేద్దామాండీ? బండి లుక్కే మారిపోద్దండీ," అన్నాడు మెకానిక్.

"వద్దండీ. దానికి పూత పూయించండి," అన్నాను.