సీటు మీద కండువా

మొన్న హనుమాన్ జంక్షన్‌లో బస్సెక్కగానే ఎవరో కక్కిన పులిసిన కంపు ముఖాన కొట్టింది. ముక్కు మూసుకోగానే నా చిన్నప్పటి రోజొకటి గుర్తొచ్చింది. ప్రయాణం చేసేవారికి ఒక్క మాట చెబుతాను: సీటు కోసం కిటికీలోంచి గుడ్డ వేసే ముందు లోపలికి చూడండి.

మా కారు అమ్మేశాక నాన్నగారు చల్లపల్లిలో మొదటిసారి బస్సెక్కిన రోజది. తోసుకుంటూ ఎక్కడం మా ఇంటావంటా లేదు. అందరూ కిటికీల్లోంచి తువ్వాళ్లు విసురుతుంటే, ఆయన తాతగారి జరీ కండువా విసిరారు. లోపలికెళ్లి చూస్తే అది ఎవరి వాంతిలోనో పడి పచ్చగా నానుతోంది. అరగని పులిహోర మెతుకులు జరీకి అంటుకున్నాయి.

"ఈ కండువా ఎవరిదండీ? తీసుకుని కూర్చోండి!" అని కండక్టరు అరిచాడు.

నాన్నగారు కిటికీ బయటికి చూస్తూ, "మాది కాదు" అన్నారు.

ఆయన గుర్తుపట్టలేదనుకున్నాను. "మనదేనండీ నాన్నగారూ, తాతగారిది!" అని గట్టిగా చెప్పాను.

"దొరగారికి సీటు దొరికినా కూర్చునే యోగం లేదురోయ్!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. బస్సంతా నవ్వింది.

నాన్నగారు విజయవాడ దాకా మెడ వంచకుండా నిలబడే వచ్చారు. ఇప్పుడు ఎవరైనా అడిగితే, ఆ కండువా మాది కాదనే నేనూ అంటాను.