వల మీద ఆరిన రొట్టె

మా నాన్న తిండి మానేసిన ఏడాదే మా అమ్మ పొయ్యి వెలిగించకుండా రొట్టె చేయడం నేర్చుకుంది. తొంభైల చివర్లో, నేను ఇంటర్ చదువుతున్నప్పటి సంగతి. మాది బందరు దగ్గర సముద్రపొడ్డు ఊరు. చేపల వేటకు వెళ్ళే నాన్న బీపీ ముదిరి మంచం పట్టాడు. గుడివాడలో ప్రకృతి వైద్యం చేసే డాక్టరు గారు ఉప్పు, చేప రెండూ మానేసి మొలకల పచ్చి రొట్టె తినమన్నారు. ఉప్పు లేని మెతుకు నాన్న గొంతు దిగేది కాదు. రెండు ముద్దలు కలిపి, తినకుండానే చెయ్యి కడుక్కునేవాడు. చొక్కాలన్నీ వదులైపోయాయి. ఆయన్ని చూస్తే నాకు భయమేసేది.

"పొయ్యి లేకుండా రొట్టెట్టా అయ్యిద్దే? లంఖణం పరమౌషధమని ఊరికే పడుకోబెట్టరాదూ?" అంది నాయనమ్మ. కొడుకు మీద బెంగ పెరిగేకొద్దీ ఆవిడకు వెటకారం పెరిగేది.

అమ్మ వినలేదు. గోధుమలు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి వేలాడదీసింది. మొలకలొచ్చాక మూటలో చెయ్యి పెట్టి చూశాను. లోపల వెచ్చగా ఉంది, జ్వరమొచ్చిన పసిపిల్ల పొట్టలా. నిప్పు దరిదాపుల్లో లేకుండా ఆ వేడి ఎలా పుట్టిందో నాకు ఇప్పటికీ అబ్బురమే. ఆ మొలకలను కొబ్బరి, ఖర్జూరంతో కలిపి రోట్లో రుబ్బి, అరిటాకు మీద పల్చగా తట్టి ఎండలో పెట్టింది. పైన ఆరింది కానీ అడుగు తడిగానే ఉండి పులిసిపోయింది. అంతా పారబోశాం.

"కింద గాలాడకపోతే చేపే కుళ్ళిద్ది, పిండెంత?" అని నాయనమ్మ లేచింది. గుంజలకు కట్టి చేపలెండబెట్టే సన్నకన్నుల వలను కుంకుడు రసంతో రుద్ది రుద్ది కడిగింది. మర్నాడు మిగిలిన మొలకలు రుబ్బి మళ్ళీ తట్టి, ఆకు మీద పైపైన ఆరాక ఆ రొట్టెలను దాని మీదకు తిరగేశాం. చేపలను తిప్పినట్టే ఆవిడ వాటిని మధ్యమధ్య తిప్పుతూ కూర్చుంది. పొద్దు వాలేసరికి అంచులు లేచి, విరిస్తే ఫెళ్ళుమన్నాయి. ఎండా గాలీ కలిసి కాల్చిన రొట్టెను చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాను.

అమ్మ ఒక ముక్క కొరికింది. మొహం మాడిపోయింది. రొట్టె నిండా ఎండుచేపల వాసన. కుంకుడు రసానికి వల ఉప్పు వదిలింది కానీ, ఏళ్ళ తరబడి దారాల్లో ఇంకిన నీచు వదల్లేదు.

"కోళ్ళకేస్తాను" అంది అమ్మ నీరసంగా. నాయనమ్మ వల అంచు ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

వసారాలో మంచం మీద నాన్న మోచేతి మీద లేచాడు. "అదేందో ఇటు తే."

"వద్దయ్యా, నీచు వాసనొస్తంది" అంది అమ్మ.

"తెమ్మన్నానా?"

వాసన చూశాడు. చిన్న ముక్క విరిచి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని చాలాసేపు నమిలాడు. తర్వాత ఇంకో ముక్క. రొట్టె మొత్తం అయిపోయాక చెయ్యి చాపి, "ఇంకోటుందా?" అన్నాడు.

ఆయన తిండి అడగ్గా మేం విని నెలలైంది. అమ్మ ఇంకో రొట్టె ఇచ్చి, అది పూర్తయ్యేదాకా పక్కనే కూర్చుంది. తర్వాత పెరట్లోకి వచ్చి పమిటతో కళ్ళు తుడుచుకుని, నాయనమ్మతో మెల్లగా అంది.

"రేపు వల మళ్ళీ కడగొద్దత్తా."