మిరపకాయల కోసం ఆగిన ప్రసంగం

గురజాల దగ్గర బస్సు చెడిపోతే, పక్కనున్న బాప్టిస్టు చర్చిలోకి వెళ్ళి కూర్చున్నాను. కోతల పండుగ ఆరాధన. ప్రసంగం సగంలో గంట మోగింది. పాస్టరుగారితో సహా అందరూ పరుగెత్తి, ఎదురు కల్లంలో ఎండుతున్న మిరపకాయలు పోగుచేసి పట్టా కప్పారు. నేనూ ఓ చెయ్యి వేశాను. ఆకాశంలో మబ్బు తునకైనా లేదు.

"వాన ఏదమ్మా?" అని పక్కన పట్టా సర్దుతున్న పెద్దావిడ మరియమ్మగారిని అడిగాను.

"అప్పుడెప్పుడో ఓ ఏడు ఈ పండుగ రోజే వచ్చింది బాబూ. ఈ కల్లం వెంకయ్యది, ఆ రోజు ఆయన పంటంతా ఇక్కడే ఆరబోసి ఉంది. ఆయన మా చర్చికి రాడు. అయినా పాస్టరుగారు ప్రసంగం ఆపి అందర్నీ లేపారు. ఒక్క కాయ తడవలా. అప్పట్నుంచీ ఏటా ఇంతే. ఈ రోజుకని వెంకయ్యే కాయలు పరుస్తాడు."

చేతులు మండుతున్నాయి. "మరి మిగతా ప్రసంగం?" అన్నాను.

"ఏమో బాబూ, ఇన్నేళ్ళలో ఎవురూ అడగలా."