కుంటలో చేపలు

లింగంపల్లిలో డిగ్రీ చదివేటప్పుడు మాకు పర్యావరణ శాస్త్రం చెప్పిన మేడమ్, పరీక్షల ముందు పాఠాలన్నీ ఒకే ప్రశ్నతో గుర్తు చేయించేవారు. "దీన్ని తినేదెవరు బిడ్డా?" గడ్డి నుంచి గద్ద దాకా చెప్పేవరకు వదిలేవారు కాదు.

ఏళ్ల తర్వాత తెల్లాపూర్‌లో మా అపార్ట్‌మెంట్లలోనే ఆమె కిరాయికి దిగారు. అప్పుడు నేను అసోసియేషన్ కార్యదర్శిని. దోమలు పెరిగాయి కాబట్టి ఆవరణలోని కుంటలో మందు కొట్టిద్దామని మీటింగులో చెప్పాను. ఆమె లేచారు.

"జర ఆగు బిడ్డా. దోమ పిల్లల్ని చేపలే తింటున్నయ్. మందు కొడితే ముందు అవే పోతయ్. దోమలు మల్ల వస్తయ్."

"ఇది క్లాస్‌రూమ్ కాదు మేడమ్," అన్నాను. అందరూ నవ్వారు. ఆమె కూర్చున్నారు.

మందు కొట్టిన మూడో రోజు చేపలన్నీ చచ్చి తేలాయి. వానలు పడగానే దోమలు మునుపటికన్నా ఎక్కువయ్యాయి. ఒక సాయంత్రం క్షమించమని అడగడానికి ఆమె ఇంటికి వెళ్లాను.

"లోపలికి రా బిడ్డా. తలుపు జల్ది ఎయ్యి, దోమలొస్తయ్."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను. లేదు. చాయ్ తాగి, వచ్చిన పని చెప్పకుండానే తిరిగొచ్చాను. ఆ నెలాఖరుకు ఆమె ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు.