కోట గోడ దగ్గర ఆఖరి చూపు

ఏప్రిల్ మొదటి ఆదివారం. పొద్దున్నే ఫోన్ మీద బాపు పేరు కనిపించడమే ఆ రోజు మొదటి ఆశ్చర్యం. నేను చదువు కోసం జపాన్ వచ్చి ఏడాది కావస్తున్నా, బాపు తనంతట తాను ఎన్నడూ ఫోన్ చేయలేదు.

"అత్త పోయింది బిడ్డా" అన్నాడు. "చాయ్ తాగింది, గిలాస కింద పెట్టింది. గట్లనే పక్కకు ఒరిగింది."

అత్త అంటే బాపు అక్క. మందమర్రిలో మా పక్కిల్లే. ముందు గదిలో పిండి గిర్ని నడిపేది. ఆ చప్పుడులో అరవకపోతే ఎవరి మాటా వినపడదు. చిన్నప్పుడు నాకు నోరు పెగిలేది కాదు. బడి నుంచి రాగానే నన్ను గిర్ని ముందు నిలబెట్టి, పిండి పట్టించుకునేవాళ్ల డబ్బాల మీది పేర్లు చదివి పిలవమనేది. నేను గొణిగితే, "నోట్లె నమలకే, బయటికి అను" అని నవ్వేది. నాకు మాట వచ్చింది అక్కడే. ఈమధ్య పుస్తకాల్లో కొత్త మాట దొరికితే ముందు ఆమెకే చెప్పేదాన్ని.

వీడియో కాల్‌లో ఆమె జుట్టు ఎప్పుడూ పిండితో తెల్లగా ఉండేది. "ముసల్దాన్ని అయిన అనుకుంటున్నవా? దులుపుకుంటే నీ ఈడుదాన్నే" అనేది.

చలికాలంలో ఒకసారి, ఇక్కడి చెర్రీ పూల గురించి చెప్పాను.

"గా పూలు తినొస్తయా?"

"రావత్తా."

"వాసనొస్తదా?"

"అంతగా రాదు."

"మరి గంతమంది ఎందుకు ఉరుకుతుండ్రే, పని లేకనా?" దగ్గు వచ్చేదాకా నవ్వింది. తర్వాత, "పూసినంక జర నాకు గూడ సూపియ్యి" అంది.

ఆ ఆదివారమే నేనూ, నా గదిలో ఉండే నేపాలీ అమ్మాయీ ఆ పూలు చూడటానికి ఒక పాత కోటకు పోవాలి. పూలు వారం కూడా నిలవవు. విషయం చెబితే ఆ అమ్మాయి ప్రయాణం మానుకుని నా పక్కన కూర్చునేది. అందుకే చెప్పలేదు. ఎవరు ఫోన్ చేశారని అడిగితే "ఇంటి నుంచి" అని జడ వేసుకున్నాను. అద్దెకు తెచ్చిన గులాబీ రంగు కిమోనో కట్టుకున్నాను.

చెక్కతో కట్టిన కోట బురుజు ఎప్పుడో కాలిపోయిందట. రాతి గోడలు, చుట్టూ కందకం మిగిలాయి. కందకంలో నీళ్లు కనిపించకుండా పూరేకులు కప్పేశాయి. అవి గాలిలో దిగే తీరుకు సరైన మాట కోసం వెతుకుతున్నాను. రాలడం అంటే బరువెక్కువ, జారడం అంటే తొందరెక్కువ. ఇంటి దగ్గర అత్తకు స్నానం చేయిస్తూ ఉంటారు. నేను మాటలు ఏరుకుంటున్నాను.

మధ్యాహ్నం దాటాక బాపు వీడియో కాల్ చేశాడు. గోడ చాటుకు పోయి, కెమెరా మీద బొటనవేలు అదిమిపెట్టి ఎత్తాను. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు మా దిక్కున ఆఖరి చూపు ఇట్లాగే చూపిస్తారు. దుబాయ్‌లో పనిచేసే బావ, అత్త కొడుకు, అప్పటికే తెర మీద ఉన్నాడు. పని బట్టలతోనే ఉన్నాడు, కన్నీళ్లు తుడుచుకోవడం లేదు.

"నీ దిక్కు అంత సీకటున్నదేందే?" అన్నాడు బావ.

"సిగ్నల్ లేదు బావా. రూంల ఉన్న."

"ఎవలో నవ్వుతుండ్రు?" అన్నాడు బాపు.

"పక్క రూమోళ్లు."

ఫోన్‌ను అత్త మొహం దగ్గరికి తీసుకుపోయారు. తడి జుట్టులో పిండి లేదు. నిజంగానే అంత తెల్లబడలేదు. అప్పుడు బాపు అక్కడున్నవాళ్లతో అంటున్నాడు: "మా పోరి ఏడుస్తుంది. అత్తను సూడలేక మొకం దాసుకుంటుంది. ఒక్కతే ఉన్నది పాపం."

అప్పుడు నేను ఏడవడం లేదు. వేలు జారుతుందేమోనని చూసుకుంటున్నాను. ఆమె చూపించమన్న పూలు నా చుట్టూరా ఉన్నాయి.

ఇది సోమవారం సాయంత్రం రాస్తున్నాను. నేపాలీ అమ్మాయి ఫొటోలు పంపింది. అన్నింట్లో నవ్వుతున్నాను. వాటి కిందనే బాపు వాయిస్ మెసేజ్ ఉంది: "తిన్నవా బిడ్డా? రూంల ఒక్కదానివే కూసోని ఏడ్వకు. జర దోస్తులతోని బయటికి పోయిరా." మూడుసార్లు జవాబు మొదలుపెట్టి ఆపేశాను. నా తప్పు కాస్త తేలికపడేలా ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు దారి దొరకలేదు.

రేపు మూడో రోజు. బాపు చెన్నూరు గోదావరికి పోతాడు. అక్కడి నుంచి బావనూ నన్నూ మళ్లీ వీడియోలో కలుపుతానన్నాడు. అంతకుముందే, పొద్దున్నే, అత్త బూడిద ముంతను ఒడిలో పెట్టుకుని ఆయన ఆటోలో కూర్చోకముందే, నేనే ఫోన్ చేస్తాను. ఆదివారం రూంలో లేనని, కోట దగ్గర ఉన్నానని చెబుతాను. పూలు చాలా బాగున్నాయని కూడా చెబుతాను.